నా పేరు పిలిచిన రోజు

మా మనవరాలు కొత్త బేస్‌బాల్ గ్లోవ్‌కి నూనె రాస్తోంది. ఆ వాసనకి మా బడి వాలీబాల్ గుర్తొచ్చింది. తాడుతో బిగించి కట్టే తోలు బంతి. దానికి ఆముదం పట్టించేవాళ్ళం, మీకు గుర్తుందా?

కెనడాలో, టొరంటో పక్కనున్న మా ఏజాక్స్‌లో ఇంకా మంచు కరగలేదు. టీవీలో మాత్రం మా టొరంటో బేస్‌బాల్ జట్టు ఫ్లోరిడా ఎండలో ఆడుతోంది.

"తాతా, ఇది స్ప్రింగ్ ట్రైనింగ్, సీజన్‌కి ముందు ప్రాక్టీస్. ఈ గేమ్స్ కౌంట్ అవ్వవు. రోజూ ఎందుకు చూస్తావ్?" అంది.

వీపు మీద తొంభై రెండు నంబరున్న కుర్రాణ్ణి చూపించాను. "అతనికి కౌంట్ అవుతాయమ్మా. ఇక్కడ బాగా ఆడితేనే జట్టులో చోటు."

బడిలో వాలీబాల్ ప్రాక్టీసులో నేనూ బాగానే ఆడేవాణ్ణి. పక్క ఊళ్ళో పోటీకి డ్రిల్లు మాస్టారు పేర్లు చదివారు. పేరు వినగానే ఒక అడుగు ముందుకు వేయాలి. నా పేరు రెండుసార్లు పిలిచారు. అందరూ నన్నే చూస్తున్నారని సిగ్గుతో కదల్లేదు.

"ఏరా, కాళ్ళకి మేకులు కొట్టారా?" అని, ఇంకొకడి పేరు రాసుకున్నారు.

శనివారం మనవరాలికి టీం సెలక్షన్.

"ఏదైనా టిప్ చెప్పు తాతా."

"పిలవగానే ముందుకెళ్ళమ్మా."

"అంతేనా?" అని నవ్వింది.

అరవై ఏళ్ళలో నేను నేర్చుకున్న ఆట అంతే.