సారలమ్మ బండి మీద చక్కెర లేని సోడా

బొగ్గుబాయి కార్మికులుండే ఎయిట్ ఇంక్లయిన్ కాలనీ మలుపులో సారలమ్మ సోడాబండి పెట్టి చాలా ఏళ్లయింది. భర్త మొగిలి బాయిలో బొగ్గు తొట్లు లాగే హాలర్ యంత్రానికి ఆపరేటరు. మొదటి షిఫ్టు దిగినవాళ్లు ఇంటికి పోయేముందు ఆమె బండి దగ్గర సైకిలు ఆపి, గొంతులో పేరుకున్న బొగ్గు దుమ్ము దిగిపోయేలా ఓ నిమ్మసోడా తాగేవారు. ఎవరికి ఉప్పు వెయ్యాలో, ఎవరికి తీపి వెయ్యాలో ఆమె అడిగేది కాదు. మనిషి సైకిలుకు స్టాండు వేసేలోపు గ్లాసు సిద్ధంగా ఉండేది.

సదయ్యది ఎప్పుడూ తీపి సోడాయే, అదీ చక్కెర దండిగా పడాలి. బాయిలో తొట్లకు బొగ్గు ఎత్తే కోల్ ఫిల్లరుగా చేసి రిటైరయ్యాడు. డ్యూటీ లేకపోయినా షిఫ్టు వదిలే వేళకి బండి దగ్గరికి వచ్చి, పాత దోస్తులతో నాలుగు మాటలు మాట్లాడిపోతే గానీ అతనికి పొద్దుపోదు. సారలమ్మను చెల్లె అని పిలుస్తాడు. మొగిలికి బాయిలో కాలు విరిగిన ఏడాది, అడగకుండానే వాళ్లింటికి బియ్యం మోసుకొచ్చిన మనిషి.

తెలంగాణ రావడానికి రెండు మూడేళ్ల ముందు ఒక ఎండాకాలంలో దవాఖానలో అతనికి షుగర్ ఉందని చెప్పారు. ఆ రోజు నుంచి ఉప్పు సోడా అడగడం మొదలుపెట్టాడు. తాగుతుంటే చేదు మందు మింగుతున్నట్టుండేది అతని మొహం.

“ఏందన్నా, గట్ల తాగుతున్నవ్?” అందొకరోజు సారలమ్మ.

“ఏం జెయ్యాలె చెల్లె? గిన్నేండ్లు తీపి మరిగిన నాలికె. ఇప్పుడు ఉప్పంటే ఇంటదా?”

ఆ మాట ఆమెను నిమ్మళంగా ఉండనివ్వలేదు. చౌరస్తాలో మందుల షాపు నడిపే ఎలీషా దగ్గరికి పోయి అడిగింది. అతను తెల్లటి పొడి ప్యాకెట్టు తీసి చేతిలో పెట్టాడు.

“దీన్ని సార్బిటాల్ అంటరక్కా. షుగర్ ఉన్నోళ్లు తినే మిఠాయిల కలుపుతరు. చక్కెర లెక్క ఒక్కసారే రక్తంలకు ఎక్కది. అట్లని అస్సలే ఎక్కదని గాదు, ముందుగాల డాక్టర్ను అడగమను. ఇంగో మాట. ఎక్కువ తాగితే కడుపు జారుతది.”

సదయ్య డాక్టరును అడిగి వచ్చాడు. కొంచెమైతే ఫరవాలేదన్నారట. సారలమ్మ సోడాలో నిమ్మచెక్క పిండి, ఆ పొడి వేసి గిలకొట్టి ఇచ్చింది. నాలుకకు చల్లచల్లగా తగిలింది గానీ చక్కెరంత తీపి రాలేదు. ఇంకొంచెం వెయ్యమన్నాడు. వేసింది. ఈసారి మొహం విప్పారింది. ఆ గ్లాసు కాగానే ఇంకోటి, దాని వెనక మరొకటి. ఎలీషా చెప్పిన మాట ఆమె నోటిదాకా వచ్చింది. ఆ మొహం చూసి ఆపలేకపోయింది.

మర్నాడు సదయ్య రాలేదు. అతని భార్య పోశవ్వ వచ్చింది.

“ఏం తాపినవ్ సారలమ్మా? మీ అన్న తెల్లార్లు చెంబు చేతుల వట్టుకొని తిరుగుడే తిరుగుడు!”

కోపంగా మొదలుపెట్టిన మనిషి చెబుతూ చెబుతూ తానే ఫక్కున నవ్వింది. సారలమ్మ నాలుక కరుచుకుంది. ఆనాటి నుంచి సదయ్య ఎంత బతిమాలినా రోజుకు చిన్న గ్లాసు ఒక్కటే.

వానలు పడ్డాక ఇంకో చిక్కు వచ్చింది. ఆ పొడి గాలిలోని తేమంతా లాగేసుకుని డబ్బాలో రాయిలా గడ్డకట్టింది. సారలమ్మ దాన్ని చితక్కొట్టి, కొద్దిపాటి వేడినీళ్లలో చిక్కగా కరిగించి, కడిగి ఆరబెట్టిన గాజు సీసాలో పోసి మూత బిగించింది. ఇక చెంచాతో కొలిచి వెయ్యడం సులువైంది. షుగర్ ఉన్న ముసలివాళ్లు మరికొందరు కూడా రాసాగారు. చక్కెర పాకం సీసాతో కలిసిపోకుండా దీని మెడకు పచ్చదారం కట్టింది.

చలికాలంలో ఒకరోజు సదయ్య గ్లాసు పట్టుకుని ఐసు డబ్బా వైపు చూశాడు. అందులో ఉన్న పచ్చదారం సీసా అడుగున తెల్లటి పలుకులు పేరుకుని ఉన్నాయి.

“చెల్లె, గది చక్కెర గాదా?”

“కాదన్నా. ఒట్టు.”

“చక్కెర గాకుంటే పలుకులెట్ల కట్టింది?”

ఆమెకూ తెలియదు. సదయ్య సగం సోడా వదిలేసి సైకిలెక్కాడు. ఆ మాట కాలనీలో పాకింది. పచ్చదారం సీసా అడిగేవాళ్లు లేకుండా పోయారు. సోడా అమ్ముడుపోలేదని కాదు ఆమె బాధ. అన్నలాంటి మనిషి తనను అట్లా అనుకున్నాడే అని అన్నం సయించలేదు.

“అది పాడుగాలేదక్కా,” అన్నాడు ఎలీషా, ఆమె సీసా తీసుకుపోయి చూపిస్తే. “చిక్కటి నీళ్లు చల్లవడితే మల్ల గింజ కడతయి. వేడినీళ్లల్ల సీసా వెట్టు, కరుగుతయి.”

ఆ ఆదివారం పొద్దున ఆమె కొత్త ప్యాకెట్టు తీసుకుని సదయ్య ఇంటికి పోయింది.

“వదినే, పొయ్యి మీద జెరన్ని నీళ్లు పెట్టు. అన్నా, ఈ ప్యాకెట్ నువ్వే చింపు.”

వాళ్లిద్దరి ముందే పొడి కరిగించి, వాళ్ల సీసాలోనే పోసి, వాళ్ల ఫ్రిజ్జులోనే పెట్టించింది. “నేను ముట్టుకోను. ఏమైతదో మీరే చూడుండ్రి,” అని వచ్చేసింది.

కొన్నాళ్లకు షిఫ్టు వదిలే వేళ సదయ్య ఆ సీసా పట్టుకుని బండి దగ్గరికి వచ్చాడు. అడుగున తెల్లటి పలుకులు. సారలమ్మ దాన్ని వేడినీళ్ల గిన్నెలో నిలబెట్టింది. చుట్టూ మూగినవాళ్లు చూస్తుండగానే పలుకులు కరిగి నీళ్లు తేటబడ్డాయి.

“తప్పైంది చెల్లె. నా చేతుల చింపిన ప్యాకెట్ గూడ గట్లనే పలుకులు కట్టింది.”

“సోడా తాగకున్నా నాకు ఫికర్ లేదన్నా. నీ పానం మీదికి తెస్తననుకున్నవా?” అందామె.

సదయ్య ఆ సీసాను తుడిచి ఆమె చేతికిచ్చాడు. “జల్ది ఒక గ్లాసు పొయ్యి,” అన్నాడు. ఆమె నవ్వుతూ చిన్న గ్లాసే అందుకుంది.

తరువాత ఆ సీసాను ఐసు డబ్బాలో పెట్టడం మానేసింది. నీడన ఉంచి, చలి రోజుల్లో కాస్త పలచగా కలిపేది. తెలంగాణ వచ్చిన రోజున చౌరస్తా అంతా డప్పులు, రంగులు. ఎవరిని చూసినా ఎదుటివాళ్ల నోట్లో మిఠాయి పెట్టడమే. ఆ మిఠాయిలు తినలేని పెద్దవాళ్లంతా సారలమ్మ బండి చుట్టూ చేరారు. అప్పటికి రిటైరైన మొగిలి గ్లాసులు కడిగి అందిస్తుంటే ఆమె చేతికి తీరిక లేదు. సాయంత్రానికి బుట్టలో నిమ్మకాయలు అడుగంటాయి. సందడి కాస్త తగ్గాక ఆమె చివరి కాయ కోసి తనకూ భర్తకూ సోడా కలిపింది. ఇద్దరూ బండి చక్రానికి ఆనుకుని కూర్చుని, అటుగా పోతున్న ఊరేగింపును చూస్తూ తీరిగ్గా తాగారు.