వట్టివేళ్ల తడక వెనక

మే నెల, రెండో ఆదివారం. శంషాబాద్, మా ఇల్లు. ఉన్నవాళ్లు: నేను, నా భార్య సుభద్ర, కొన్నాళ్లు మాతో గడిపి ఆ సాయంత్రం బండికి కాకినాడ తిరిగి వెళుతున్న మా చెల్లెలు శాంత. మధ్యాహ్నం భోజనాలవుతుండగా కరెంటు పోయింది.

ముందు తేదీ, ఆ తర్వాత ఇంట్లో ఉన్నవాళ్ల పేర్లు, చివరకు విషయం. ఉద్యోగంలో చేరినప్పటి నుంచి నా డైరీ ఈ వరసలోనే నడుస్తోంది. ఆ ఆదివారం మాత్రం విషయం దగ్గరికొచ్చేసరికి కలం ఆగిపోయింది, ఎందుకంటే రాయవలసింది ఒక వాసన. ఏసీ ఆగగానే అద్దాల కిటికీల ఇల్లు పొయ్యి మీద పెట్టిన గిన్నెలా వేడెక్కింది. అటక మీద గుడ్డలో చుట్టి దాచిన వట్టివేళ్ల తడకను దించి, పడమటి కిటికీకి కట్టి, చెంబుతో నీళ్లు చల్లాను. ఎండిపోయి గడ్డిపరకల్లా ఉన్న ఆ వేళ్లు తడి తగలగానే ప్రాణం వచ్చినట్టు ముదురు రంగుకు తిరిగాయి. తొలకరికి తడిసిన మట్టిలా, ఎప్పుడో మూసిన గంధపు పెట్టె తెరిచినట్టు, చల్లటి వాసన గదంతా పరుచుకుంది. శాంత చెయ్యి కడుక్కుని వచ్చి, ఆ కిటికీ కింద నేల మీద కొంగు పరుచుకుని పడుకుంది. తడక కింది నేల ఆమె పాత చోటు. తల్లి ఒడి తర్వాత ఆమెకు దొరికిన రెండో చల్లని చోటు.

నేను మూడో తరగతి ముగించిన వేసవిలో నాన్నకు శంషాబాద్ బదిలీ అయింది. ఆయన ముందుగా వెళ్లి ఇల్లు చూసుకున్నాక, అమ్మ, నేను, ఇంకా మెడ నిలవని శాంత, మాకు తోడుగా అమ్మమ్మ కాకినాడ నుంచి బయలుదేరాం. మాకు తెలిసిన ఎండాకాలం వేరు. సముద్రం ఒడ్డున ఎండ కంటే ఉక్కబోత ఎక్కువ. పొద్దున లేచేసరికే ఒళ్లు జిగటగా ఉండేది, స్నానం చేసి తుడుచుకుంటుంటేనే మళ్లీ చెమట పట్టేది, ఉప్పు జాడీలో ఉప్పు నీరుకారేది, అప్పడాలు ఆరినట్టే ఆరి మర్నాటికి మెత్తబడేవి, ఆరేసిన బట్టలు సాయంత్రానికి కూడా ముక్కవాసన వేసేవి. దానికి మందు ఒక్కటే, గాలి. మధ్యాహ్నం దాటాక సముద్రం మీద నుంచి గాలి తిరిగేది. ఆ వేళకు అమ్మమ్మ ఇంట్లోని తలుపులూ కిటికీలూ అన్నీ బార్లా తెరిచి, ఉయ్యాలలో ఉన్న పిల్లను కిటికీ ఎదుటికి జరిపి, తాటాకు విసనకర్ర పక్కన పడేసి, “అమ్మయ్య, వచ్చేసిందే మహాతల్లి” అని కూర్చునేది. నిమ్మాకులు నలిపి వేసిన మజ్జిగ, ముంజెలు, పల్చటి నేత చీర, రోజుకు మూడు స్నానాలు. ఎండను ఆమె ఇలా ఏలుకుంది. గాలి రాని వేళ లేదు, గాలి చెరుపు చేసిన రోజూ లేదు.

శంషాబాద్‌లో మా ఇల్లు రాతి గోడలది, నేలంతా నల్లటి బండ పరుపు, కిటికీలు చిన్నవి. గోడ అవతల ఇంటివాళ్లది అదే వరసలో మరో ఇల్లు. ఇంటామె పేరు యాదమ్మ, అమ్మ కంటే పెద్దది, అమ్మమ్మ కంటే చిన్నది. పొద్దు పొడవక ముందే పొలానికి వెళ్లి పని ముగించుకుని వచ్చి, ఎండ ముదిరేసరికి తలుపులన్నీ బిగించుకునేది. ఆమె భర్త ఏటా ఎండలు మొదలయ్యే ముందు హిమాయత్ సాగర్ వైపు వాగొడ్డున వట్టివేళ్లు తవ్వి తెచ్చి, వెదురు బద్దల మధ్య వేసి తడకలు కట్టేవాడు. ఒక తడక వాకిలికి, ఒకటి పడమటి కిటికీకి. పక్కనే రంజన్ అనే పెద్ద మట్టికుండలో నీళ్లు. ఇంట్లో ఎవరు అటు నడిస్తే వాళ్లు ఒక చెంబెడు తడక మీద చల్లి పోవాలి. లోపల పట్టపగలే మసక చీకటి. అందులో యాదమ్మ పిల్లలు బండ మీద సుద్దతో గళ్లు గీసి చింతపిక్కలతో పచ్చీసు ఆడేవారు. కాల్చిన మామిడికాయ పిసికిన షర్బత్, జొన్న అంబలి, పచ్చి పులుసు, పక్కన ఉల్లిగడ్డ. చెరువు అడుగున చేపల్లా ఉండేవాళ్లు అందరూ.

అమ్మమ్మకు ఆ ఊరు మొదటి రోజే నచ్చేసింది. ఉతికిన చీర తీగ మీద వేసి వెనక్కి తిరిగేలోపల ఆరిపోయింది. వడియాలు ఒక్క ఎండకే గలగలలాడాయి. “ఇదిగో చూడవే, ఇక్కడ ఉప్పు కూడా కరగదు. ఒంటి మీద చెమట చుక్క లేదు. ఇంత పొడి దేశంలో జబ్బులెందుకొస్తాయే?” అని అమ్మకు చెప్పి మురిసిపోయింది. చెమట పట్టకపోతే వేడి లేనట్టే అన్నది ఆమె జీవితమంతా చూసిన నిజం. మధ్యాహ్నం గాలి లేచింది. అలవాటుగా ఆమె కిటికీలు తెరిచి, శాంత ఉయ్యాలను పడమటి కిటికీ ఎదుటికి జరిపింది.

యాదమ్మ గోడ మీదుగా చూసి కేక వేసింది. “పెద్దమ్మా! గా కిటికీలు మూయుండ్రి, వడగాలి కొడుతది!”

“గాలి లేకపోతే మనిషి ఎలా బతుకుతాడమ్మా?” అంది అమ్మమ్మ నవ్వుతూ.

“గిది గాలి గాదు పెద్దమ్మా, పొయ్యిల మంట. చిన్నపిల్లున్నది, జర ఇనుండ్రి.”

“మా సముద్రం గాలి చూశావా నువ్వెప్పుడైనా?”

“నేనేడ జూస్త, మా తాన బర్లు తానం జేసే కుంటనే సముద్రం,” అని యాదమ్మ తలుపు వేసుకుంది.

వాళ్లిద్దరిదీ తగువు కాదు. ఎవరికి వారు తమ ఎండను క్షుణ్ణంగా ఎరిగినవాళ్లు. కానీ మధ్యలో ఉన్నది శాంత. మొదటి రోజు పిల్ల గాలికి హాయిగా నిద్రపోయింది, అమ్మమ్మ అందరినీ పిలిచి చూపించింది. రెండో రోజూ నిద్రపోయింది. ఆ మరుసటి రోజు మధ్యాహ్నం నిద్ర లేవలేదు. అమ్మ పాలకు తీసుకుంటే నోరు తెరవలేదు. ఒళ్లు ముట్టుకుంటే కాలుతోంది, చెమట జాడ లేదు, పెదవులు అట్ట కట్టాయి, తల పక్కకు వాలిపోతోంది. అమ్మ ఏడుపు విని నేను గోడ దగ్గరికి పరుగెత్తాను. నాన్న కచేరీలో ఉన్నారు. దవాఖాన బస్సు దారిన ఎక్కడో ఉంది.

యాదమ్మ గోడ దిగి వచ్చింది, చుట్టూ తిరిగి రాలేదు. పిల్ల నుదురు తాకి, “వడ కొట్టింది,” అని ఒక్క మాట అని, ముందు కిటికీలు మూసింది. తర్వాత పిల్లను ఎత్తుకుని తన ఇంట్లోకి నడిచింది. మేమంతా వెనకాల. తడక కింద బండ మీద నీళ్లు చల్లి, తుడిచి, పిల్లను పడుకోబెట్టి ఒంటి మీది బట్టలన్నీ తీసేసింది. రంజన్ నీళ్లలో తన పాత చీర ముక్క ముంచి పిండబోతుంటే అమ్మమ్మ చెయ్యి పట్టుకుంది. మా వైపు పసిపిల్లల ఒంటి మీద తడి ఉంచరు. ఆరదు, జలుబు చేస్తుంది, ఊపిరి పట్టేస్తుంది. ఆమె ఏడుగురిని పెంచిన మనిషి.

“తడిగుడ్డ వద్దమ్మా, రొమ్ము పట్టేస్తుంది,” అంది.

“పెద్దమ్మా, మీ తాన తడి ఆరదు. ఈడ ఆరుతది. ఆరెటప్పుడే సల్ల జేస్తది. గా తీగ మీద మీ చీర జూస్తలేరా?”

అమ్మమ్మ గుమ్మంలోంచి మా ఇంటి తీగ వైపు చూసింది. మొదటి రోజు తనే మెచ్చుకున్నట్టు ఇట్టే ఎండిపోయిన చీర. యాదమ్మ చేతిలోంచి గుడ్డ తీసుకుని తనే పిండి, తనే పిల్ల ఒంటికి చుట్టింది. ఓడిపోయినట్టు లేదు ఆమె ముఖం. కొత్త పాఠం మొదటి రోజే కంఠస్థం చేసేవాళ్ల ముఖంలా ఉంది. గుడ్డ ఆరుతుంటే మళ్లీ తడపడం ఆమె పని, తడక మీద నీళ్లు చల్లడం నా పని. యాదమ్మ అమ్మ చేతికి లోటా నిండా ఉప్పు వేసిన అంబలి ఇచ్చి, “నువ్వు దాగు బిడ్డా, నువ్వు దాగితేనే దానికి పాలు,” అంది. తన దగ్గరున్న తాటాకు విసనకర్రతో అమ్మమ్మ తడిగుడ్డ మీద మెల్లగా విసరడం మొదలుపెట్టింది. అది చూసి యాదమ్మ, “గిది మాకు తెల్వదు పెద్దమ్మా, మంచిగుంది,” అంది. తడి ఈ ఊరిది, గాలి ఆ ఊరిది. రెండూ కలిసి మా చెల్లెలి మీద పనిచేశాయి.

పొద్దు వాలే వేళకు పిల్ల ఒంటి వేడి దిగింది. కళ్లు తెరిచింది కానీ పాలు తాగలేదు. నాన్న వచ్చి విషయం విని, నా చేతిలోంచి చెంబు తీసుకుని తనే తడక మీద నీళ్లు చల్లారు. అమ్మనూ అమ్మమ్మనూ పిల్లనూ యాదమ్మ ఆ రాత్రికి తన ఇంట్లోనే ఉంచుకుంది. పొద్దున నేను నిద్ర లేచేసరికి పెరట్లో బర్రెల దగ్గర నుంచి యాదమ్మ గొంతు వినిపించింది. “పెద్దమ్మా! పిల్ల పాలు తాగిందా?” లోపల నుంచి అమ్మమ్మ జవాబు, నవ్వుతూ, “తాగిందమ్మా, తాగింది! కడుపు నిండా!”

ఆ వేసవంతా ఆ ప్రశ్న గోడ మీద నుంచి రోజూ వచ్చేది. పిల్ల బోర్లా పడింది, పాకింది, అన్నం తినడం మొదలుపెట్టింది, ప్రశ్న మారలేదు. మా ఇంట్లో అదే పలకరింపు అయిపోయింది.

మరుసటి ఏడు అమ్మమ్మ పట్టుబట్టి యాదమ్మను మాతోపాటు కాకినాడ రప్పించింది. వచ్చిన మధ్యాహ్నమే యాదమ్మ చెయ్యవలసిందంతా చేసింది. మేం చూసేలోపల తలుపులు బిగించింది, తను బహుమతిగా తెచ్చిన తడకను కిటికీకి కట్టి నీళ్లు చల్లింది, చీర తడిపి గుమ్మానికి వేలాడదీసింది. కాసేపటికి ఆ గది ఇడ్లీ పాత్రలా అయింది. తలుపు తోసుకుని బయటికొచ్చిన యాదమ్మ పై నుంచి కింది దాకా తడిసి ఉంది. “గిదేంది పెద్దమ్మా! తడి ఆరదేంది? నేను తానం జేసిన్నా లేదా?”

అమ్మమ్మ కడుపు పట్టుకుని నవ్వింది. “ఇక్కడ నీళ్లు సముద్రంలోనూ ఉన్నాయి, గాలిలోనూ ఉన్నాయి. నువ్వింకా పోస్తే ఎక్కడికి పోతాయే తల్లీ!” తర్వాత తలుపులన్నీ బార్లా తెరిచి, ముతక చీర విప్పించి తన పల్చటి నేత చీర కట్టించి, సముద్రం వైపు అరుగు మీద కూర్చోబెట్టి, గాలి తిరిగేదాకా తనే విసనకర్రతో విసిరింది. గాలి వచ్చింది. యాదమ్మ కళ్లు మూసుకుని ముఖం గాలికి పెట్టింది. చివరికి, “ఇగ తెల్సింది పెద్దమ్మా, నువ్వు కిటికీలెందుకు తెరిచినవో,” అంది. ఆ తడక కాకినాడలో పనికిరాలేదు. అమ్మమ్మ దాన్ని పారెయ్యలేదు. విడిపోయిన వేళ్లను పట్టుచీరల మడతల్లో పెట్టుకుంది.

ఇప్పుడు యాదమ్మ ఇల్లున్న చోట విమానాల ప్రయాణికులు ఒక రాత్రి దిగే అద్దాల హోటలు ఉంది. దాని గోడకు తగిలిన ఎండ ఎదురుగా వీధి మీద పడుతుంది. వాగు మురుగుకాలువయింది, వాగొడ్డున వట్టివేళ్లు లేవు. నా దగ్గరున్న తడక యాదమ్మ భర్త కట్టిన చివరిది. బద్దలు విరిగితే మార్చాను, వేళ్లు మాత్రం ఆయనవే. నల్లబండలు పోయి నున్నటి పలకలు వచ్చాయి, మీద పడుకుంటే ఒళ్లు నొప్పులు. రంజన్లు రోడ్డు పక్కన మొక్కల కుండీలతో కలిపి అమ్ముతున్నారు. ఏసీ మేలైనదే, నా వయసులో అది లేకుండా ఉండలేను. కానీ అది కాకినాడలోనూ ఇక్కడా ఒకే మాదిరిగా పనిచేస్తుంది, దానికి ఏ ఊరి ఎండా తెలియదు. ఆ ఇద్దరు ఆడవాళ్లకు తెలిసిన తేడా ఇప్పుడు ఎవరికీ అవసరం లేకపోయింది, కరెంటు పోయిన మధ్యాహ్నం తప్ప.

సాయంత్రం కరెంటు వచ్చింది. శాంత లేచి, పెట్టె సర్దుకుంటూ తడక దగ్గరికి వచ్చి, అంచున వదులైన నాలుగు వేళ్లు లాగింది.

“అక్కడ పనికిరాదే,” అన్నాను.

“తెలుసులే అన్నయ్యా,” అని వాటిని చీరల మధ్య పెట్టి మూత వేసింది.

మర్నాడు పొద్దున, బండి చేరి ఉంటుందనుకున్న వేళకు, నేనే ఫోన్ చేశాను. అటు నుంచి ఆటో చప్పుడు, ఎవరివో కేకలు, మధ్యలో శాంత రొప్పుతున్న గొంతు. “దిగానో లేదో తడిసిపోయాను అన్నయ్యా.”

“పిల్ల పాలు తాగిందా?” అన్నాను.

మనవలను ఎత్తిన మా చెల్లెలు ఆ రోడ్డు మీదే గట్టిగా నవ్వింది. “తాగిందమ్మా, తాగింది! కడుపు నిండా!”