బహ్‌గత్ హాజీ పై రెండంతస్తులు

ఇల్లు కట్టేవాణ్ణి మేస్త్రీ అంటారు. ఇంట్లో బతికేవాళ్ళని అద్దెకున్నవాళ్ళంటారు. మధ్యలో కూర్చుని ఇద్దరినీ పిండుకునేవాణ్ణి మా అలెగ్జాండ్రియాలో ఈమధ్య 'పెట్టుబడిదారు' అని మర్యాదగా పిలుస్తున్నారు. సీదీ బిష్ర్ పేటలో మా వీధి వరకు ఆ మర్యాద బహ్‌గత్ హాజీకి దక్కింది. ఆయన హజ్‌కి వెళ్ళగా చూసినవాళ్ళెవరూ లేరు. అద్దెలు వసూలు చేయడం మొదలుపెట్టాక ఆ బిరుదు దానంతటదే వచ్చి అతుక్కుంది.

అంతకుముందు బజారులో పరదా గుడ్డలమ్మేవాడు. గుడ్డని సాగదీసి కొలవడం తప్ప వేరే విద్య రాదు. కువైట్‌లో చెమటోడ్చిన బావమరిది దాచిపెట్టమని పంపిన డబ్బుతో మొదటి ఫ్లాటు కొన్నాడు. అందులోనూ అదే విద్య చూపించాడు. రెండు గదుల ఇంటిని ప్లాస్టరు పలకలతో అయిదు గదులుగా సాగదీసి చదువుకునే కుర్రాళ్ళకిచ్చాడు. ఒక గదిలో తుమ్మితే పక్క గదివాడు దేవుడు చల్లగా చూడాలని దీవించేవాడు. వంటగదేదని అడిగితే హాజీ నవ్వేవాడు. "చదువుకునేవాడికి వంటెందుకయ్యా? కింద ఉడికించిన చిక్కుడుగింజల బండి ఉందిగా!"

ఆ ఫ్లాటు నుంచి ఇంకో ఫ్లాటు, దాన్నుంచి ఇంకోటి. కాఫీ హోటల్లో హుక్కా పీలుస్తూ యువకులకి ఉపదేశాలు. "డబ్బు నిద్రపోకూడదురా. నువ్వు నిద్రపోతున్నా అది పని చేస్తుండాలి." ఎవరి నిద్ర చెడగొట్టి అది పని చేస్తోందో అక్కడ ఎవరూ అడగలేదు.

చివరికి మేముండే నాలుగంతస్తుల ఇంటినే కొన్నాడు. దానిమీద అనుమతి లేకుండా ఇంకో రెండు లేపాలని, అక్కడినుంచి సముద్రం కనబడుతుంది గనుక వేసవిలో కైరో కుటుంబాలకి రోజు లెక్కన అద్దెకివ్వాలని ఆయన ఆలోచన.

మా ఊళ్ళో ఇలా దొంగతనంగా కట్టేవాడు తన పేరు ఎక్కడా పెట్టడు. ఒక పేదవాణ్ణి వెతికి ఆస్తి కాగితాలు వాడి పేరున రాయిస్తాడు. ఇల్లు ఒరిగితే పోలీసులు వాడికోసం వస్తారు. వాణ్ణి 'కాహూల్' అంటారు. బినామీ అనుకోవచ్చు గానీ బినామీకి ఏదో కాస్త ముడుతుంది. కాహూల్‌కి దక్కేది జైలే.

బహ్‌గత్ దూరం వెతకలేదు. మెట్ల కింద గదిలో భార్యతో కాపురముంటున్న మా కాపలాదారు ఖలఫ్ ఉన్నాడు. ఎగువ ఈజిప్టునుంచి వచ్చిన మనిషి. ఎవరు ఏ పని చెప్పినా కాదనడం తెలీదు.

"ఒరే ఖలఫ్, ఇల్లు నీ పేరున రాయిస్తున్నాన్రా," అన్నాడు హాజీ.

"నాకెందుకయ్యగారూ? నా గది నాకు చాలు."

"వట్టి పేరేరా పిచ్చోడా! సంతకానికేమన్నా బరువా?"

ఇల్లు నిజానికి హాజీదేనని ఇంకో కాగితం మీద ఖలఫ్ చేత వేలిముద్ర వేయించుకుని బీరువాలో పెట్టుకున్నాడు. తెలివంటే అదేనని ఆయన గట్టి నమ్మకం.

పై అంతస్తులు లేచాయి. వేసవిలో పైన పాటలు, గంతులు. శీతాకాలంలో ఖాళీ. ఆ బరువుకి కింద మా గోడలు పగుళ్ళిచ్చాయి. జనవరి తుఫానుకి మూడో అంతస్తులో బట్టలు కుట్టే నబవియ్య ఇంటి కప్పు పెచ్చు ఊడి ఆమె మిషను మీద పడింది. ఆమె ఒక్క క్షణం ముందే టీకని లేచింది కాబట్టి బతికింది. మేమంతా కలిసి మునిసిపల్ ఆఫీసులో ఫిర్యాదు చేశాం.

ఇంజనీరు వచ్చి చూశాడు. పై రెండంతస్తులూ ప్రమాదకరం అన్నాడు. యజమాని తనంత తాను తీసేస్తే కేసు మూసేస్తామని, లేదంటే పట్టుకెళ్తామని నోటీసు అంటించి పోయాడు. యజమాని పేరు ఖలఫ్.

ఖలఫ్ భార్య మెట్లమీద కూలబడి ఏడ్చింది. హాజీ వచ్చి ఓదార్చిన తీరు వినాల్సిందే.

"కొన్నాళ్ళ జైలేగా ఖలఫ్! నీ ఇంటికి టీ, చక్కెర, నూనె నేను పంపుతా. మగాడివి కాదూ? లోపల భోజనం బాగుంటుందట కూడా."

"అంత బాగుంటే తమరే వెళ్ళండి హాజీ," అంది నబవియ్య పై మెట్టు మీదనుంచి. "షుగరున్న ఒళ్ళు, వేళకి పెడతారు."

"ఆడదానివి, నీకెందుకు?"

"నా నెత్తిన పడబోయింది మీ మేడే కదా, అందుకు."

ఆయన వెళ్ళాక ఆమె ఖలఫ్ పక్కన కూర్చుంది. "తమ్ముడూ, కాగితాల్లో యజమానివి నువ్వేనా?"

"ఆ మాటే కదక్కా నా కొంప ముంచింది."

"మరి యజమాని తన మేడ తాను కూల్చుకుంటే అడిగేదెవరు?"

ఖలఫ్‌ది అయ్యగారి మేడ అనడం అలవాటైన నోరు. చివరికి లేచి తలపాగా చుట్టుకున్నాడు. మేమూ అతని వెంట ఆఫీసుకి వెళ్ళాం. కూల్చడానికి ఒప్పుకుంటూ అక్కడ వేలిముద్ర వేశాడు.

పనివాళ్ళు సమ్మెటలతో పైకెక్కిన ఉదయం, హాజీ జపమాల చేత్తో పట్టుకుని పరుగున వచ్చాడు.

"ఆపండి! ఎవడు చెప్పాడు మీకు?"

"యజమాని," అన్నాడు ఇంజనీరు. "తమరెవరు?"

వీధంతా చూస్తోంది. బీరువాలోని కాగితం ఆయన జేబులోకి వచ్చే ఉంది, చెయ్యి దానిమీదే ఉంది. అది తీస్తే మేడ ఆయనదవుతుంది, దొంగ పేరున కట్టించినందుకు ఆ వెంటనే బేడీలూ ఆయనవే. ఇన్నేళ్ళూ ఊరంతా నాదే అని తిరిగిన మనిషి మింగలేక కక్కలేక నిలబడ్డాడు.

"నేను... ఈ వీధివాణ్ణే," అన్నాడు.

"వీధివాళ్ళు కాస్త జరగండి హాజీ, ఇటికలు పడతాయ్!" అంది నబవియ్య.

హాజీని చూసి పాపం అన్నవాళ్ళూ ఉన్నారు. పెచ్చు ఊడిన రోజున వాళ్ళు నబవియ్యని పాపం అనలేదు. ఇలాంటి హాజీల బదులు జైళ్ళలో కూర్చున్న కాహూల్‌లు ఈ ఊళ్ళో ఎందరో. వాళ్ళనీ ఎవరూ పాపం అనరు.

వారం తిరక్కుండా హాజీ మెట్ల కింద గదికి వచ్చాడు. జీవితంలో మొదటిసారి వంగి ఆ గుమ్మం దాటాడు. "ఖలఫ్, నాయనా, మిగిలిన నాలుగంతస్తులూ నా పేరున తిరిగి రాసెయ్."

"ఇవాళే రాస్తా అయ్యగారూ," అన్నాడు ఖలఫ్. అందులో వెటకారమేమీ లేదు, అతనికి అది రాదు. "ఆఫీసుకెళ్దాం పదండి. మొదటినుంచీ కట్టింది మీరేనని ఇంజనీరుతో ఒక్క ముక్క చెప్పండి, నేను వేలిముద్రేస్తా."

హాజీ టీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు. ఆ నెల అద్దె అడగడానికి ఎవరూ రాలేదు. ఆ డబ్బుతో మేం పైకప్పుకి తారు పోయించాం. తర్వాతి తుఫానుకి ఒక్క చుక్క కూడా కారలేదు.