బాలింత పంపు

నా చిన్నప్పుడు మా వాడకు ఒక ఏనుగు వచ్చింది. నమ్మరని తెలుసు కాబట్టి పంపు అనే చెబుతాను. ఇబ్రహీంపట్నం చెరువు పక్కన మంచినీళ్ల బావి, అక్కడి నుంచి మా వాడ నల్లాల దాకా కొత్త గొట్టాలు, ఆ గొట్టాల్లోకి నీళ్లు తోయడానికి ఈ పంపు. లారీ మీంచి దించడానికి మూడు దూలాలు కలిపి ముక్కాలి నిలబెట్టి, గొలుసు తగిలించి, మగవాళ్లంతా ఏలేలో అని లాగారు. అది గాల్లోకి లేచిన క్షణాన పక్క ఊరు మంచాలలో కోళ్లు కూడా కూత ఆపి ఉంటాయని నా గట్టి నమ్మకం.

అంత సంబరానికి వెనక ఒక భయం ఉంది. అంతకు ముందు ఎండాకాలం ఇలాగే ఒక పంపు వచ్చింది. దాన్ని సిమెంటు దిమ్మె మీద కూర్చోబెట్టిన రోజే, కొట్టిన కొబ్బరికాయ నీళ్లు ఆరకముందే, మావాళ్లు బటన్ నొక్కేశారు. దిమ్మె ఇంకా పచ్చిగా ఉంది. పంపు ఒక్కసారి ఒళ్లు విరుచుకుని, బోల్టులను పాలపళ్లలా ఊడబెరుక్కుని, గొట్టం విరగ్గొట్టి పక్కకు పడుకుంది. ఆ చప్పుడుకు జల్‌పల్లిలో కాగుతున్న పాలు విరిగాయని మేం పిల్లలం బడిలో ప్రచారం చేశాం. రెండోది రావడానికి ఏడాది పట్టింది. ఇదీ పడితే మూడోది రాదని పంచాయతీలో తేల్చి చెప్పారు. అంటే వాడంతా మళ్లీ బిందెలు మోయాలి.

ఆ మోతలో పెద్ద వాటా పక్కింటి అక్కది. అక్క బాలింత, కాన్పు అయి వారం తిరగలేదు. మగడు పొద్దున్నే చేపల వేటకు పోయేవాడు. అక్క పసిగుడ్డును మా నాయనమ్మ ఒళ్లో పెట్టి, బిందె చంకనెత్తుకుని, గోడలు పట్టుకుంటూ బావికి నడిచేది. ఆ కాన్పు చేసిన మంత్రసాని మా నాయనమ్మే. అక్కను కొన్నాళ్లు పడుకోనివ్వమని అక్క అత్తకు చెప్పి చెప్పి ఆమె నోరు ఎండిపోయింది. అత్త మాత్రం, "మేం కనలేదా, మొయ్యలేదా" అని తమలపాకు నములుతూ ఆ మాటను అక్కడే మడిచేసేది.

సరే, ఏనుగు దిమ్మె మీదికి దిగింది. దిమ్మెలోంచి నిలబడ్డ బోల్టులు పంపు పాదాల్లోని రంధ్రాల్లోకి దూరాయి. మేస్త్రీ బోర్లా పడుకుని, రసమట్టం పెట్టి, పాదాల కింద ఇనుప రేకులు దూర్చి, ఒంపు లేదని తేల్చుకున్నాక ఆ సందుల్లో సిమెంటు పాలు పోశాడు. పైన తడి గోనెపట్టాలు కప్పి, ఇది గట్టిపడేదాకా ఎవరూ ముట్టుకోవద్దన్నాడు. జనం వింటే కదా. కొబ్బరికాయ కొట్టినం గదా, ఇగ నొక్కు అని ఒకరు. జరంత నొక్కి ఆపుదామని ఇంకొకరు. అందరికంటే ముందు అక్క అత్త నిలబడి, "ముహూర్తం దాటితే నీ సిమెంట్ ఏంజేస్తది" అని మేస్త్రీని గదమాయించింది. పోయినేడు తను నిలబెట్టిన పంపు పడిపోయిన బాధ ఆయన ముఖంలో ఇంకా పచ్చిగానే ఉంది, దిమ్మెలాగే.

అప్పుడు మా నాయనమ్మ జనాన్ని పాయలు చేసుకుంటూ వచ్చింది. పంపు గురించి ఆమెకు తెలిసింది సున్నా. గోనెపట్టా ఎత్తి చూసింది, తడి తగిలిన వేళ్లు వాసన చూసింది, తల పంకించి తీర్పు చెప్పింది. "గిది బాలింత. ఇంక పురుడు ఎల్లలే. అప్పటిదాంక ఎవ్వలు ముట్టినా ఊకోను."

సిమెంటు మాట వినని వాడ పురుడు మాటకు గడగడలాడింది. పంపు గది గుమ్మానికి వేపకొమ్మ వచ్చింది. పాత చీర పరదా అయింది. చలిగాలి సోకకుండా మోటారు చెవులకు ఎవరో తువ్వాలు కట్టారు, దానికి చెవులెక్కడున్నాయో ఇప్పటికీ నాకు తెలియదు. గోనెపట్టాలు ఆరకుండా పొద్దున, సాయంత్రం తడిపే కొలువు నాయనమ్మ నాకిచ్చింది. బడిలో నా హోదా కలెక్టర్‌ను దాటిపోయింది. ఇక అక్క అత్త భక్తి చెప్పనలవి కాదు. ఆమె సాంబ్రాణి పొగకు చెరువు మీది కొంగలు దారి తప్పేవి. ఒక పూట బాలింతలకు పెట్టే వెల్లుల్లి కారం కూడా తెచ్చి దిమ్మె ముందు పెట్టింది.

సరిగ్గా ఆ పూటే, బావి దగ్గర నిండు బిందె ఎత్తుకుని అక్క ఆ గుమ్మం ముందు నుంచి వెళుతోంది. పెదాలు తెల్లబడి ఉన్నాయి. వాడ ఆడవాళ్లంతా అక్కడే ఉన్నారు.

నాయనమ్మ గొంతు పెంచలేదు. "చెల్లె, ఇనుపదానికి గాలి సోకొద్దని పొగేస్తున్నవ్. మరి గా నీ కోడలుపిల్ల ఇనుముకన్న గట్టిదా?"

"గదీ గిదీ ఒకటేనా అక్కా?" అంది అత్త నాయనమ్మతో.

"నేననలే. కారం తెచ్చింది నువ్వే గద."

ఎవరో కిసుక్కున నవ్వి కొంగు అడ్డం పెట్టుకున్నారు. అత్త సాంబ్రాణి మూకుడు కింద పెట్టింది. తరువాత వెళ్లి, అక్క చంకలోని బిందెను తన చంకకు మార్చుకుని, "నడువ్, ఇంట్ల పిల్ల ఏడుస్తుండొచ్చు" అంది. మర్నాటి నుంచి ఆ ఇంటి నీళ్లు అత్త మోసింది. ఆమె మోకాళ్లు మొరాయించిన రోజు వాడ మోసింది. మేస్త్రీకి దొరికినన్ని రోజులూ అక్కకూ దొరికాయి.

పురుడు వెళ్లాక మేస్త్రీ నట్లు బిగించాడు. నాయనమ్మ తన చాయ్ గ్లాసును అంచుదాకా నింపి దిమ్మె మీద పెట్టమంది. బటన్ నొక్కారు. పంపు గర్జించింది. నేను చెవులు మూసుకుని కళ్లు మాత్రం గ్లాసు మీదే ఉంచాను. చాయ్ మీద సన్నని వణుకు, అంతే. ఒక్క చుక్క కింద పడలేదు. దూరంగా వాడలోంచి కేకలు వినిపించాయి. నల్లాకు నీళ్లొచ్చాయి. అందరం అటు పరుగెత్తాం. నాయనమ్మ మాత్రం చాయ్ చల్లారిపోతుందని అక్కడే కూర్చుని తాగింది.

ఇప్పుడు ఆదిభట్లలోని కంపెనీల బస్సులు మా వాడ ముందు నుంచే పోతుంటాయి. ఎక్కడ కొత్త యంత్రం వచ్చినా, కొత్త కారుకు పూజ జరిగినా, నలుగురు మూగి ముద్దు చేస్తుంటే నేనూ ముందు వరుసలోనే ఉంటాను, సంబరం నాకు మహా ఇష్టం. కానీ దండం పెట్టే ముందు ఒకసారి వెనక్కి తిరిగి చూస్తాను, బిందె ఎవరి చంకలో ఉందా అని.