కారు మీద తెల్ల సంచి

మొన్నొక రోజు మధ్యాహ్నం మా ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి నా బల్ల దగ్గరికి వచ్చి ఫోను నా ముందు పెట్టింది. సముద్రంలో అలల మీద నిలబడి జారే సర్ఫింగ్ నేర్చుకుంటోందట. ఎవరో వాడి వదిలేసిన బోర్డు కొనుక్కుందట. "మీకు దీని గురించి తెలుసంట గదా సార్, కారులో తీసకపోయేదానికి తక్కువలో ఏ సంచి తీసుకోవాల?" అని అడిగింది. ఫోనులో సంచులు వరసగా కనిపిస్తున్నాయి, రంగురంగులవి, ఒకదాన్ని మించి ఒకటి. నేను కళ్ళజోడు సవరించుకుని పెద్దమనిషి తరహాలో మొదలుపెట్టాను. విమానంలో వేసేదైతే లోపల మందమైన దూది కావాలి గానీ కారుకు అంత అక్కర్లేదని, దారిలో దెబ్బల కన్నా బోర్డుకు ఎండే పెద్ద శత్రువని, అందుకని ఒక పక్కన్నా వెండిరంగు పొర ఉన్నది చూసుకోమని, జిప్పు ప్లాస్టిక్‌ది కాకపోతే ఉప్పునీళ్ళకు తుప్పుపట్టి బిగుసుకుపోతుందని, సంచి బోర్డు కన్నా జానెడైనా పొడుగుండాలని చెప్పాను. ఆ అమ్మాయి అన్నీ బుద్ధిగా విని, "రంగు ఏదైనా ఫర్వాలేదా సార్?" అంది. "తెలుపు మాత్రం వద్దమ్మా" అన్నాను. ఎందుకని అడిగితే మాసిపోతుందన్నాను. అసలు కారణం ఆఫీసులో నిలబడి చెప్పేది కాదు.

తొంభైల చివర్లో మా కంపెనీ నన్ను హోసూరు నుంచి మద్రాసుకు దక్షిణాన సముద్రం ఒడ్డునున్న ఒక చిన్న యూనిట్‌కు పంపింది. కొత్త యంత్రాలు కుదురుకునేవరకు అక్కడే ఉండాలి. మాది బేరిగై పక్కన రాగులు, టమాటా పండించే పల్లె. బావి కన్నా పెద్ద నీళ్ళు నాకు తెలియవు. సాయంత్రాలు లాడ్జి గదిలో గోడలు చూడలేక ఒడ్డుకు పోయేవాణ్ణి. అక్కడ జాలరి యువకులు పాత పలకల మీద అలలెక్కుతుంటే చూస్తూ కూర్చునేవాణ్ణి. చూసీ చూసీ ఒకనాడు నేనూ దిగాను. ముప్పై దాటిన వయసులో, పెళ్ళి ఊసు ఇంట్లోవాళ్ళు కూడా మరిచిపోయిన రోజుల్లో, నేను సొంతంగా నేర్చుకున్న విద్య అదొక్కటే. నేర్చుకున్నానంటే మరీ గొప్పగా కాదు, పడడంలో భయం పోయింది, అంతే. హోసూరుకు తిరిగి వచ్చేటప్పుడు ఒక పాత బోర్డు కొని కంపెనీ లారీలో వేయించుకుని తెచ్చుకున్నాను. అద్దె గదిలో గోడకు ఆనించి నిలబెడితే ఇంటి ఓనరమ్మ వచ్చి చూసి, "ఇస్త్రీ బల్ల ఇంత పొడుగు ఎందుకప్పా నీకు, ఉండేది రెండు చొక్కాలు" అంది. సముద్రమేమో ఒక పగటి ప్రయాణం దూరాన ఉంది. బస్సువాళ్ళు దాన్ని ఎక్కించుకోరు. అట్లా అది గోడకు ఆనుకుని, నేను మంచానికి ఆనుకుని కొన్నేళ్ళు గడిచాయి.

ఆ మధ్యకాలంలోనే మా అక్క పోయింది. అక్కను కృష్ణగిరిలో ఇచ్చారు. బావ మామిడికాయల వ్యాపారి. తోటలు గుత్తకు తీసుకుని, కాయలు కోయించి జ్యూస్ ఫ్యాక్టరీలకు వేసేవాడు. వాళ్ళకు పిల్లల్లేరు. బెంగళూరు ఆస్పత్రిలో అక్క ఒక వేసవి అంతా పడుకుని ఉండి, కోతలు అయిపోతున్న రోజుల్లో కన్నుమూసింది. బావ అప్పట్నుంచి ఇంట్లోనే ఉండిపోయాడని, మండీకి కూడా సరిగా పోవడం లేదని విని, నేను ప్రతి ఆదివారం బస్సెక్కి కృష్ణగిరికి పోవడం మొదలుపెట్టాను. పోయి చేసేదేమీ లేదు. "అన్నమైందాప్పా?" అనేవాడు బావ. "అయింది బావా" అనేవాణ్ణి, కాకపోయినా. ఆ తరువాత ఇద్దరమూ టీవీ చూసేవాళ్ళం. టీవీలో ఎవరో ఒకరి మీద ఒకరు అరుచుకుంటుంటే మాకు ఇంట్లో మాటలున్నట్టే ఉండేది. మధ్యాహ్నం బావ అన్నం వండేవాడు, నేను పప్పు చేసేవాణ్ణి. ఉప్పు ఒకరోజు ఎక్కువ, ఒకరోజు తక్కువ. అక్క పెట్టిన ఊరగాయ జాడీలో అడుగుకు వచ్చినప్పుడు ఇద్దరమూ వేసుకోవడం మానేశాం. ఎందుకు మానేశామో ఒకరికొకరం చెప్పుకోలేదు. ఆ ఇంట్లో అక్క పేరెత్తడం అంతటితో ఆగిపోయింది.

ఒక ఆదివారం కరెంటు పోయింది. టీవీ లేదు. ఏదో ఒకటి మాట్లాడాలి గనక నేను బోర్డు సంగతి చెప్పాను. బావ నన్ను వింతగా చూశాడు. "నీళ్ళ మీద నిలబడతావా? నువ్వా?" అన్నాడు. నవ్వుతాడేమో అనుకున్నాను, నవ్వలేదు. "మన కారుండాది గదప్పా, పోయొస్తాం" అన్నాడు. మర్నాడు సాయంత్రం తనే హోసూరుకు వచ్చి, నా గదిలో బోర్డును తట్టి, నిమిరి, అటూ ఇటూ తిప్పి చూశాడు. బావది పాత అంబాసిడర్. పైన మామిడి బుట్టలు వేసుకునేదానికి వెల్డింగ్ చేయించిన ఇనుప క్యారియర్ ఉండేది. దాని కమ్మీలు చేత్తో రాసి, "ఈటి మీద పెడితే నీ పలక బతకదు. ముందు దీనికొక చొక్కా కుట్టించాల" అన్నాడు.

ఆ చొక్కా కోసం మేము తిరిగిన తిరుగుడు ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. హోసూరు బస్టాండు దగ్గర ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని బొమ్మలు చూశాను. బెంగళూరులో ఆటసామాన్ల పెద్ద అంగడికి పోతే వాళ్ళు విదేశీ సంచి తెప్పించి ఇస్తామన్నారు. దాని ధర విని బావ, "పలకను మేము తెచ్చుకున్నాం, మీరు బంగారు పెట్టె చెప్తా ఉండారు" అని బయటికి నడిచాడు. కారు సీట్లకు రెక్సిన్ కుట్టే అతను చవకలో చేస్తానన్నాడు గానీ, రెక్సిన్ ఎండకు కాగి లోపల బోర్డును ఉడకబెడుతుందని నేనే వద్దన్నాను. చివరికి కృష్ణగిరిలో లారీలకు టార్పాలిన్ కుట్టే భాయ్ దగ్గర కుదిరింది. ముదురు రంగులు వేడిని పీలుస్తాయని చదివి ఉన్నాను కాబట్టి తెల్ల క్యాన్వాసు తీసుకున్నాం. లోపలికి మా ఫ్యాక్టరీలో యంత్రాల భాగాలకు చుట్టి వచ్చే ఫోము పీసులు అడిగి తెచ్చాను. కారు అద్దానికి అడ్డం పెట్టే వెండిరంగు తెరలు సిగ్నల్ దగ్గర అమ్ముతుంటే బావ బేరమాడి కొన్నాడు. వాటిని కలిపి పైవైపు లోపలి పొరగా వేయించాం. వారం మధ్యలో బావ నాకు ఫోను చేసేవాడు, అంతకు ముందు ఎప్పుడూ చేసిన మనిషి కాదు. "ఈడ మంచాలకు అల్లే నవారు దొరికిందప్పా. తాడు కన్నా అదే మెత్తన. మూడు చోట్ల కడితే కదల్దు" అని చెప్పి, ఇంకేమీ తోచక పెట్టేసేవాడు. ఆ ఫోను కోసం నేను ఎదురుచూడడం మొదలుపెట్టానని నాకు చాలా రోజులకు తెలిసింది.

బయలుదేరే రోజు తెల్లవారక ముందే బావ స్నానం చేసి, కొత్త వస్తువు గదా అని సంచికి పసుపూ కుంకుమా పెట్టి, ఒక మూర చామంతులు నవారుకు చుట్టి, టెంకాయ కొట్టాడు. నేను అడ్డు చెప్పలేదు. చాలా కాలానికి ఆయన ఒక పని ముచ్చటపడి చేస్తుంటే చూస్తున్నాను.

బర్గూరు దాటాక రోడ్డు పక్కన ఒక టీ అంగడి దగ్గర ఆపాం. కుప్పం పక్కనుంచి వచ్చి స్థిరపడిన పెద్దామె ఒకతె నడుపుతోంది. మేము దిగేసరికి బెంచీల మీద కూర్చున్నవాళ్ళు ఒక్కొక్కరే లేచి నిలబడ్డారు. ఒకాయన తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు. నాకేమీ అర్థం కాక వెనక్కి తిరిగి కారు వైపు చూశాను. అప్పుడు తెలిసింది. కారు మీద మనిషంత పొడుగున తెల్లగుడ్డ చుట్టిన ఆకారం, మూడు చోట్ల తెల్ల కట్లు, పసుపు, కుంకుమ, పూలు. పెద్దామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బావ దగ్గరికి వచ్చి, "ఎవురప్పా పోయింది?" అని అడిగింది.

అయ్యో, అది పలకమ్మా అని చెప్పడానికి నేను నోరు తెరిచాను. అంతలోనే బావ, "నా పెండ్లామమ్మా" అన్నాడు.

పెద్దామె బావ చెయ్యి పట్టుకుని బెంచీ మీద కూర్చోబెట్టింది. "ఏమైందప్పా బిడ్డకి?" అంది. అక్క పోయిన తరువాత ఆస్పత్రి బిల్లుల గురించి, కర్మల గురించి, కోతల గురించి బావను అడిగినవాళ్ళున్నారు గానీ ఇట్లా పక్కన కూర్చుని అడిగినవాళ్ళు లేరు. నేనూ అడగలేదు. బావ చెప్పడం మొదలుపెట్టాడు. నేను కారుకు ఆనుకుని నిలబడి మా అక్క గురించి నాకు తెలియనివి విన్నాను. ఆస్పత్రిలో నర్సులకు తెలియకుండా పచ్చి మామిడిముక్క కారంలో అద్దుకుని తిన్నదట. రాత్రి కరెంటు పోతే భయపడి బావను ఏదో ఒకటి పాడమనేదట, ఆయనకు ఒక్క పాటా రాదు గనక మామిడి రకాల పేర్లు వరసగా చెప్పేవాడట.

"బిడ్డల్లేరా?" అంది పెద్దామె.

"లేరు. అదో, ఆ నిలబడినోడు దాని తమ్ముడు. వాడికెవురూ లేరు, ఆదివారమన్నా పిలిపించి ఇంత అన్నం పెట్టు అని చెప్పి పోయింది. నేను పిలవకుండానే వస్తాడు. వానికోసరమే ఆ పూట పొయ్యి వెలిగించేది."

నేను ఆయనకు తోడుగా ఉండాలని పోతున్నాను. ఆయన నాకు అన్నం పెట్టాలని వండుతున్నాడు. ఇద్దరికీ ఆ పప్పు నచ్చేది కాదు.

పెద్దామె లేచి లోపలికి పోయి, దేవుడి పటం మీది పూవొకటి తెచ్చి, కాళ్ళెత్తి నిలబడి సంచి మీద పెట్టి దండం పెట్టింది. పక్కనున్నవాళ్ళంతా పెట్టారు. నేను పెట్టకపోతే బాగుండదని చేతులు జోడించాను. జోడించిన తరువాత నాకు ఏడుపొచ్చింది. అక్క పోయిన రోజు ఆస్పత్రి కాగితాలూ, అంబులెన్సూ, ఊళ్ళో వాళ్ళకు ఫోన్లూ అంటూ తిరిగి నేను ఏడవనేలేదు. ఇప్పుడు ఒక సర్ఫ్ బోర్డు ముందు నిలబడి, ఎవరో తెలియని మనుషుల మధ్య, వెక్కి వెక్కి ఏడ్చాను. "ఏడువప్పా, ఏడువు" అని పెద్దామె నా వీపు నిమిరింది. టీకి డబ్బులు తీసుకోలేదు. "యాడికి తీసకపోతా ఉండారు?" అని ఒకాయన అడిగితే, "సముద్రం పక్కకి" అన్నాడు బావ. అది మాత్రం నిజమే.

వాణియంబాడి దాటాక బావ, "తప్పు చేసినానాప్పా?" అన్నాడు. "తెలియదు బావా" అన్నాను. కొంచెంసేపటికి ఆయన భుజాలు కదులుతుంటే మళ్ళీ ఏడుస్తున్నాడనుకున్నాను. నవ్వుతున్నాడు. "పలకకి పూలు పెట్టించినాం గదా" అన్నాడు. అది విని నాకూ నవ్వొచ్చింది. కారు పక్కన ఆపుకుని నవ్వాల్సి వచ్చింది.

సముద్రంలో ఆ సాయంత్రం నేను నిలబడిన దానికన్నా పడిందే ఎక్కువ. బావ పంచె మోకాళ్ళదాకా ఎగగట్టుకుని, ఖాళీ సంచిని మడిచి ఒళ్ళో పెట్టుకుని ఒడ్డున కూర్చున్నాడు. నేను పడ్డప్పుడల్లా లేచి నిలబడేవాడు, నా తల పైకి కనిపించగానే కూర్చునేవాడు. తిరుగు ప్రయాణంలో, "ఆ దారి వద్దప్పా, ఆమె మొగం చూడలేను" అని తిరువణ్ణామలై, ఊత్తంగరై మీదుగా చుట్టూ తిప్పి తీసుకొచ్చాడు.

ఆ తరువాత బావ అక్క గురించి నాతో విప్పి మాట్లాడాడనుకుంటారేమో. లేదు. తరువాతి ఆదివారం పోతే, "అన్నమైందాప్పా?" అన్నాడు. "లేదు బావా" అన్నాను. అదొక్కటే మారింది. లోపలికి పోయి పొయ్యి వెలిగించాడు. ఉప్పు ఎక్కువైనా తక్కువైనా ఆయన వండింది కడుపునిండా తినేవాణ్ణి. కొన్నేళ్ళకు బావకు గుండె జబ్బు వచ్చింది. ఒక ఎండాకాలం, మండీకి పోయి వచ్చి కుర్చీలో కూర్చుని, మళ్ళీ లేవలేదు. ఆ ఇల్లు ఆయన అన్నదమ్ముల పిల్లలకు పోయింది. నేను కృష్ణగిరి బస్సెక్కి చాలా కాలమైంది.

ఇప్పుడు ఆదివారం నాడు నా గదిలో నాకు నేనే ఇంత వండుకుంటాను. ఆ రోజుల్లో బావా నేనూ టీవీ ముందు కూర్చున్న మధ్యాహ్నాలు ఎంతకీ కదిలేవి కావు. సాయంత్రం బస్సు ఎప్పుడొస్తుందా అని గడియారం చూసుకునేవాణ్ణి. అంత మెల్లగా నడిచిన కాలం, ఆయన్ని తీసుకుని ఎప్పుడు పోయిందో మాత్రం నాకు తెలియలేదు.