గోడమేస్త్రీ రాసిచ్చిన కాగితం

తడిపిన ఉప్పుకాగితంతో మేస్త్రీ వ్యాను హెడ్‌లైటు అద్దాన్ని గుండ్రంగా రుద్దుతున్నాడు. పచ్చబడిన అద్దం మీంచి పాలలాంటి నీళ్లు కారుతున్నాయి. చలికాలం కావడంతో సాయంత్రం అయిదు కాకముందే షెడ్డులో వెలుతురు తగ్గిపోయింది.

"ఎంత రుద్దినా లాభం లేదు బాబాయ్," అంది పక్కనే నిలబడ్డ వ్యానక్క. "రోడ్డు తప్ప అన్నీ కనిపిస్తున్నాయి. ఇవాళ పొద్దున చెట్టు మీద కాకి నిద్రలేవడం కూడా చూశాను. చెట్టు కింద సైకిలు తొక్కుతున్న పెద్దాయన్ని మాత్రం చూడలేదు."

మేస్త్రీ చెయ్యి ఆగింది. "తగిలిందా?"

"లేదు. ఆయనే గుంటలోకి దిగిపోయాడు. అక్కణ్ణుంచే మా వంశం మొత్తాన్నీ దీవించాడు."

వ్యానక్క ఆరేళ్లుగా పదకొండు మంది పిల్లల్ని బడికి చేరుస్తోంది. ఈ నెలల్లో ఆమె బయల్దేరేసరికి ఇంకా చీకటే, పైగా పొగమంచు. సైకిలు పెద్దాయన గుంటలోంచి లేచి, బట్టలైనా దులుపుకోకుండా నేరుగా బడికి వెళ్లి చెప్పాడు. హెడ్‌మిస్ట్రెస్ వ్యానక్కని పిలిచి ఒకే మాట అంది. లైట్లు సరిగా ఉన్నాయని మెకానిక్ రాసిచ్చిన కాగితం తెస్తేనే రేపు పిల్లలు ఈ వ్యాను ఎక్కుతారు. లేకపోతే వేరే వ్యాను.

"ఒక్క ముక్క రాసి సంతకం పెట్టెయ్యి బాబాయ్. నీ చేతిలో పని."

"నోటితో అయితే ఏమైనా చెబుతాను. రాయమంటే మాత్రం చూసే రాస్తాను."

ఆయన ఈ పని ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. విప్పాడు, పాడుచేశాడు, మళ్లీ బిగించాడు, అలా వచ్చింది. షెడ్డు ఎదుట ఉన్న గోడకి సున్నం కొట్టి, ఒక్కో రకం బండి ఎత్తుకీ ఒక్కో నల్లగీత గీసుకున్నాడు. బండిని నేలమీది గుర్తు దగ్గర నిలిపి లైటు వేస్తే, వెలుగు పైఅంచు దాని గీత దాటకూడదు. ఇప్పుడా గోడ కాపీపుస్తకంలో పేజీలా ఉంటుంది. దాని మూలంగానే ఆయన గోడమేస్త్రీ అయ్యాడు. ప్రహరీ కట్టించుకోవాలనుకునే కొత్తవాళ్లు కొలతలతో సహా వచ్చి, బల్బులు చూసి వెనక్కి వెళ్తుంటారు.

ఈ వ్యానుకి పదిరోజుల కిందట లైట్లు సరిచేసింది ఆయనే. అద్దం తుడిచి, వ్యానుని గుర్తు దగ్గర నిలిపి లైటు వేశాడు. వెలుగు గీత మీదే ఉంది.

"చూశావా? వెంట్రుకంత తేడా లేదు. లోపం నీ కళ్లలో ఉంది."

"నా కళ్లు బాగానే ఉన్నాయి. నీ గోడే వంగింది."

ఇన్నేళ్లలో ఆయన్ని చాలామంది చాలా మాటలన్నారు. గోడ జోలికి మాత్రం ఎవరూ రాలేదు. ఆయన నోరు తెరిచేలోపు భార్య టీ గ్లాసులతో వచ్చింది. ఇద్దరికీ అందించి, షెడ్డులో గ్రీజు అంటని చోటేదీ కనబడక, వ్యాను వెనకసీటులో కూర్చుంది.

గోడ మీద వెలుగు రెండు వేళ్లు పైకి లేచింది.

"దిగు," అన్నాడు మేస్త్రీ.

దిగింది. వెలుగూ దిగింది.

"ఎక్కు."

ఎక్కింది. వెలుగూ ఎక్కింది.

"నా ఒంటి గురించి ఒక్క మాటన్నావో..." అంది భార్య లోపల్నుంచి.

"నీ ఒళ్లు కాదే, నా బుర్ర. ఖాళీ వ్యానుకి సరిచేశాను! పిల్లలెక్కితే వెనక కుంగుతోంది, ముక్కు లేస్తోంది. లైటు వెళ్లి కాకుల్ని లేపుతోంది."

పిల్లలు ఇళ్లకి వెళ్లిపోయారు. కానీ బరువు కావాలి. మేస్త్రీ పక్కనున్న సెలూన్‌లోకి వెళ్లి, సెలూన్ తమ్ముణ్ణీ, బెంచీమీద కూర్చున్న ముగ్గుర్నీ పట్టుకొచ్చి వ్యాను ఎక్కించాడు. భార్యతో కలిపి అయిదుగురు పెద్దవాళ్లు.

"పదకొండు మందికి వీళ్లు సరిపోతారు. మరి పుస్తకాల సంచులు?"

"అవి పిల్లలకన్నా బరువు బాబాయ్."

దాంతో షెడ్డు మూలనున్న పాత బ్యాటరీలు తెచ్చి తలా ఒకటి ఒళ్లో పెట్టాడు. సగం గడ్డం గీయించుకుని, మిగతా సగం నురగతో ఉన్న లారీ డ్రైవరు కూడా వెనకాలే వచ్చి వ్యానుని చూశాడు.

"రోజూ పొద్దున్నే మలుపు దగ్గర నా కళ్లల్లోకి కొట్టేది ఇదేనా?"

"ఆ తిట్లు నీవేనా అన్నా? గొంతు ఎక్కడో విన్నట్టుందే అనుకున్నా!"

"నువ్వు ఎక్కకు," అన్నాడు మేస్త్రీ అతనితో. "గోడ దగ్గర స్టూలెక్కి, లారీ సీటంత ఎత్తులో నిలబడి ఇటు చూడు."

నురగ ముఖంతో స్టూలెక్కి నిలబడ్డ అతన్ని చూసి వ్యానులోవాళ్లు నవ్వడం మొదలుపెట్టారు. వెలుగు గడగడా వణికింది.

"నవ్వకండి! గీత నిలవట్లేదు."

నవ్వు ఆపుకోవడానికి భార్య కొంగు నోట్లో కుక్కుకుంది. మేస్త్రీ లైటుని పైకీ కిందికీ వంచే మరను పావు చుట్టు తిప్పాడు, ఆగాడు, చూశాడు, మళ్లీ పావు చుట్టు. ఒక లైటు, తర్వాత రెండోది. వెలుగు మెల్లగా దిగి గీత మీద వాలింది.

"ఏమంటావు?"

లారీ డ్రైవరు రెప్ప వాల్చకుండా చూశాడు. "తిట్టు రావట్లేదు. ప్రయత్నించా కూడా."

మేస్త్రీ మొదట బొగ్గుముక్క తీసుకుని గోడమీద పెద్ద అక్షరాలతో 'ఎవరెవరు ఎక్కుతారో అడుగు' అని తన కోసం రాసుకున్నాడు. తర్వాత చేతులు కడుక్కుని, వ్యానక్క ఇచ్చిన కాగితం బోనెట్ మీద పరిచి రాశాడు:

'పిల్లలు, సంచులు ఉండగా లైట్లు సరిగా ఉన్నాయి. వ్యాను ఖాళీగా ఉంటే వెలుగు దగ్గరే పడుతుంది, మెల్లగా నడపాలి. పొగమంచులో లైటు పైకి వెయ్యకూడదు. వెలుగు పడినంత దూరంలో ఆగగలిగేటంత వేగమే వెళ్లాలి. ముందుసారి తప్పుగా సరిచేసింది నేనే.'

"ఆ చివరి ముక్క ఎందుకు బాబాయ్? ఆవిడ అడగలేదుగా."

"సైకిలు పెద్దాయన అడుగుతాడు."

"మేం దిగొచ్చా?" అని వెనకనుంచి భార్య అరిచింది. "ఈ సంచి మోసే పిల్లకి నా దండం!"

మేస్త్రీ సంతకం పెట్టి, సిరా ఆరేదాకా ఊది, కాగితం మీద తాళంచెవి పెట్టి వ్యానక్క చేతికిచ్చాడు.