పదకొండు తప్పులు

ప్రెస్సులో ఇరవై ఆరేళ్లుగా ప్రూఫులు దిద్దుతున్న ఆయనకు చేతిలో ఎర్ర పెన్ను లేకపోతే అక్షరం కనబడదు. పెళ్లిపత్రిక ఇచ్చినా ముందు తప్పులు చూసి, తర్వాతే పెళ్లెవరిదని అడుగుతాడు. బాప్తిస్మం తీసుకున్న మర్నాడే బైబిలు కొని, అట్ట వేసి, వరస కింద స్కేలు జరుపుకుంటూ మొదటి పేజీ నుంచి పట్టాడు. ఏడు నెలల్లో ఆఖరి పేజీ చేరాడు.

"ఏం గ్రహించారు?" అన్నారు పాస్టరుగారు సంతోషంగా.

"పదకొండు తప్పులండి. ఇంత లావు పుస్తకానికి చాలా తక్కువ."

"అది సరే, లోపలేముంది?"

ఆయన నొచ్చుకున్నాడు. "అర్థం చూస్తూ కూర్చుంటే తప్పులు జారిపోతాయి కదండీ!"

పాస్టరుగారు ఆయన చేతిలోని ఎర్ర పెన్ను తీసుకుని తన జేబులో పెట్టుకున్నారు. "మార్కు సువార్త తియ్యండి. చిన్నది. రోజుకో పేజీ చాలు."

రెండు రోజులు ఆ ఖాళీ చెయ్యి ఏం చెయ్యాలో తెలియక చెవి గోక్కుంది. మూడోనాడు పొద్దున భార్య వచ్చి చూస్తే, గంట కింద పెట్టిన కాఫీ మీద మీగడ కట్టి ఉంది. ఆయన వేలు, యేసు కుష్ఠురోగిని ముట్టుకున్న వరస మీద ఉంది.

"ఏవండీ, ఈ వరస రెండుసార్లు పడింది. పక్కన మీ ఎర్ర గీత కూడా ఉంది."

ఆయన కళ్లజోడు తుడుచుకుని చూశాడు.

"ఉండనీలే," అన్నాడు. "ఒక్కసారి చదివితే నమ్మకం కుదరట్లేదు."